చిరకాలము నిలిచియున్న ట్రాక్టరును తిరిగి నడపుట



పశువుల కొట్టము ప్రక్కనో, చింతచెట్టు క్రిందనో ఏండ్ల తరబడి కదలక నిలిచిన ట్రాక్టరు మన గ్రామములలో తరచు కానవచ్చును. యజమాని కాలము చేసియుండును. లేదా కుమారులు పట్టణమునకు పోయియుందురు. లేదా చిన్న మరమ్మతొకటి రేపు చేయింతమని వాయిదా వేయుచుండగా నాలుగేండ్లు గడచియుండును. అట్టి బండిని పాత యినుము వెలకు అమ్మివేయుట యొక తప్పు. ఒకనాడు ఉత్సాహము పుట్టి, క్రొత్త బ్యాటరీ తగిలించి వెంటనే సెల్ఫు కొట్టుట రెండవ తప్పు. ఈ రెండవదానివలన బండియు పోవును, దానిపై పెట్టిన సొమ్మును పోవును. నిలిచియుండుటచే చెడిన యింజనులకంటె, తొందరపడి నడపిన మొదటి నిమిషములో చెడినవానినే నేను ఎక్కువగా చూచితిని.

ఇటీవల జీలుగ విత్తనముల పనిమీద ఒక గ్రామమునకు పోయినప్పుడు మన సంఘ సభ్యుడగు ఒక యువకుడు నన్ను తన దొడ్డికి తీసికొనిపోయెను. అచ్చట మూడు సిలిండర్ల ట్రాక్టరొకటి గలదు. తండ్రి గతించిన నాటినుండి, అనగా నాలుగేండ్లుగా, దానినెవరును ముట్టలేదు. ప్రతి సంవత్సరము దుక్కికి బాడుగ బండి తెచ్చుకొనుచున్నాడు. తన వంతు వచ్చుసరికి అదను దాటిపోవుచున్నది. పాత యినుము కొనువాడు రెండుసార్లు వచ్చి బేరమాడిపోయెను. ఆనాడు ఇరుగుపొరుగువారు మరియొక ట్రాక్టరును, గొలుసును సిద్ధపరచి, "గేరులో వేసి లాగినచో అదే అందుకొనును" అని నిలిచియుండిరి. "అయ్యా, ఆ గొలుసును ఒక్క వారము దినములు విప్పియుంచుడు" అని నేను వారిని వేడుకొంటిని.

ఇందుకు కారణము గలదు. ఆ బండి పొగగొట్టము నిట్టనిలువుగా ఆకాశమునకు తెరచియున్నది. పెద్దలు బండిని నిలుపునప్పుడు ఆ గొట్టముపై ఒక డబ్బా బోర్లించుట మీరెరుగుదురు. ఇక్కడ ఎవరును బోర్లింపలేదు. నాలుగు వానకాలముల నీరు ఆ దారిని దిగి, కవాటము తెరచియున్న సిలిండరులోనికి చేరుటకు వీలున్నది. గాలివలె నీరు అణగునది కాదు. పిస్టను పైకి వచ్చునప్పుడు నీరు అడ్డుపడినయెడల, గొలుసు బలమునకు కనెక్టింగు రాడ్డు వంగును గాని నీరు తగ్గదు. నీరు లేకున్నను, తుప్పు పట్టి రింగులు సిలిండరు గోడను కరచుకొనియున్నచో ఆ లాగుడుకు విరుగును.

మొదటి దినమున మేము చేసినది చూచుట మాత్రమే. చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టితిమి. పాత బ్యాటరీ తీగలను విప్పితిమి. నెగెటివు తీగను ముందుగా విప్పవలెను, తగిలించునప్పుడు కడపట తగిలింపవలెను. ఎయిర్ క్లీనరు తెరచి చూడగా లోపల ఎలుక గూడు కట్టియున్నది, ఒక గంపెడు పీచును గుడ్డపీలికలును వచ్చినవి! వైర్లలో రెండింటిపై తోలు కొరికియున్నది. రేడియేటరులో ఎఱ్ఱని తుప్పునీరు అడుగంటెను. ఇంజను ఆయిలు కడ్డీని తీసి చూచితిమి. ఆయిలు మజ్జిగవలె తెల్లబడియున్నచో నీరు కలిసినదని గుర్తు. మాకు తెల్లదనము కనబడలేదు, కాని అడుగు బోల్టు విప్పగానే ఆయిలుకంటె ముందుగా చెంబెడు నీరు వచ్చినది. బరువైన నీరు అడుగున చేరును గనుక కడ్డీకి అంటదు. కావున కడ్డీని నమ్మి ఊరకుండక, పాత ఆయిలును పూర్తిగా దింపి, ఫిల్టరు మార్చి, క్రొత్తది పోయవలెను.

పిమ్మట ఇంజెక్టర్లు మూడింటిని విప్పించితిమి. ఈ పని క్రొత్తవాడు తెలిసినవాని చేతిక్రింద చేయుట మంచిది. ఆ రంధ్రములలో ఒక్కొక్కదానియందు కొంచెము పలుచని నూనె పోసి, గుడ్డతో మూసి, మూడు దినములు విడిచితిమి. నాల్గవనాడు క్రాంకు పుల్లీ బోల్టుకు పెద్ద స్పానరు తగిలించి, ఇంజను తిరుగు దిక్కుననే మెల్లగా త్రిప్పితిమి. మొదట కదలలేదు. యువకుడు స్పానరుకు గొట్టము తొడిగి బలముగా లాగబోగా వారించితిని. మరల నూనె పోసి యొక రాత్రి గడపితిమి. మరునాడు వ్రేలెడు కదలెను, తరువాత జానెడు, తరువాత రెండు పూర్తి చుట్లు తిరిగెను. ఒక రంధ్రమునుండి తుప్పు రంగు నీరు చిమ్మి గోడపై పడెను. గొలుసు తెచ్చినవారు ఆ మరకను చూచి యేమియు ననలేదు.

ఇక డీజిలు సంగతి. టాంకులోని పాత డీజిలు అడుగున నీరు చేరును. నీరును డీజిలును కలియుచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగట కట్టును. అది ఫిల్టర్లను మూసివేయును. టాంకును పూర్తిగా దింపి, కడిగి, రెండు ఫిల్టర్లను మార్చి, క్రొత్త డీజిలు పోయవలెను. పెట్రోలు కారు గలవారికిది మరింత ముఖ్యము. పెట్రోలు కొద్ది నెలలకే సారము చెడి జిగురు కట్టును. కారు బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును గనుక దానిని గూడ మార్పవలెను.

ఫిల్టరు మార్చినప్పుడు గొట్టములలో గాలి చేరును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని పదునారు, పదునెనిమిది రెట్లు అణచి, ఆ వేడిలో డీజిలును చిమ్మి మండించుటయే దాని పద్ధతి. జర్మనీ దేశస్థుడగు రుడాల్ఫ్ డీజిల్ 1897 లో ఇట్టి యింజనును నడపి చూపెను. గొట్టములో గాలి బుడగ యున్నచో పంపు ఆ గాలినే నొక్కుచుండును, ఇంజెక్టరు చిమ్మదు. కావున మొదటి ఫిల్టరుపై గల మరను వదులుచేసి, చేతి పంపును నొక్కుచు, బుడగలు పోయి డీజిలు నిండుగా వచ్చువరకు ఆగి బిగింపవలెను. పిమ్మట రెండవ ఫిల్టరు, తరువాత డీజిలు పంపు, కడపట ఇంజెక్టర్ల గొట్టముల నట్లు. ఈ కడపటి పనియందు చేయి దూరముగా నుండవలెను. ఆ చిమ్ముడు చర్మములోనికి దూసికొనిపోవును. గాయము సూదిమొన యంతయే కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇచ్చట నా తప్పొకటి చెప్పవలసియున్నది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక బావి వద్ద రెండేండ్లు నిలిచిన ఆయిలింజనును నేనే నడపించితిని. డీజిలు పంపులోని కడ్డీ తుప్పుచే పూర్తి పోతవద్ద బిగుసుకొనియుండుట నేను చూడలేదు. ఇంజను అందుకొనినదే తడవుగా వేగము హెచ్చి, అరచుచు, నేల కంపించునట్లు పరుగెత్తెను. ఆపు మీట లాగిన పనిచేయలేదు. అందరమును దూరముగా పారిపోతిమి. కొంతసేపటికి లోపల రాడ్డు విరిగి, ప్రక్క గోడను చీల్చుకొని వచ్చెను. ఎవరికిని దెబ్బ తగులకపోవుట మా అదృష్టము. ఆ రైతుకు కలిగిన నష్టము నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. నాటినుండి ఆపు మీట పంపు వద్ద నిజముగా కదలి తిరిగి వచ్చుచున్నదో లేదో చూడనిదే సెల్ఫు ముట్టను. గాలి గొట్టమును వదులుచేసి యుంచి, దాని నోటిని మూయుటకు సరిపడు చదునైన పలకను ఒకని చేతికిత్తును. గాలి అందనిచో డీజిలు మండదు. అరచేతితో మూయబోరాదు.

బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 12.6 వోల్టులు చూపును. నాలుగేండ్లు ఎండిన దానిపై ఆశ పెట్టుకొనవలదు. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల కూడదు. చార్జి యగునప్పుడు వెలువడు వాయువు ప్రేలును. బండిని న్యూట్రలులో నుంచి, పీ.టీ.ఓ. విడిపించి, సీటుపై కూర్చుండియే నడపవలెను. నేలపై నిలిచి స్క్రూడ్రైవరుతో సెల్ఫు మోటారు నట్లను కలుపువారు గలరు. అప్పుడు గేరు పడియున్నచో వెనుక చక్రము ఆ మనుష్యునిపైనే ఎక్కును.

ఎనిమిదవ దినమున ఆపు మీట లాగియుంచి, పదేసి సెకనులు సెల్ఫు కొట్టి, నడుమ నిమిషమేసి ఆపుచు, ఆయిలు దీపము ఆరువరకు త్రిప్పితిమి. ఎండిన బేరింగులకు ఆయిలు చేరుట కిదియే మార్గము. తరువాతనే మీట వదలితిమి. మూడవసారికి అందుకొనెను. తెల్లని పొగ దొడ్డి నిండెను, కొంతసేపటికి పలుచబడెను. యువకుని తల్లి వాకిట నిలిచి చూచుచుండెను. ఆమె కన్నులు తుడుచుకొనుట పొగవలననే కాదని తోచినది. వేగము పెంచక పది నిమిషములు నడపి, నీరు, ఆయిలు కారుచున్నవేమో చుట్టు తిరిగి చూచి, ఎయిర్ క్లీనరు గొట్టమును మరల బిగించితిమి.

అయినను బండి ఆనాడు కదలలేదు. క్లచ్చి త్రొక్కినను గేరు గరగరమని పడనీయలేదు. పలక తుప్పుచే అంటుకొనియున్నది. పెడలును త్రొక్కి కఱ్ఱతో ఆనించి రెండు రాత్రులుంచి, పిమ్మట ఇంజను వేడెక్కువరకు నడపగా విడివడెను. కొన్ని బండ్లు ఇంతటితో లొంగవు. వానిని మేస్త్రీ విప్పవలసినదే. బ్రేకులను దొడ్డిలోనే మొదటి గేరులో పరీక్షించితిమి. కుడియెడమ పెడళ్లు రెండింటిని కలుపు కొక్కెము వేయనిదే బాట యెక్కరాదు. టైర్ల ప్రక్కలు పగిలియున్నచో గాలి నిలిచినను నమ్మరాదు. భీమా గడువు తీరియుండెను గనుక, 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము దానిని కట్టునంతవరకు బండిని పొలము గట్టు దాటించవద్దని చెప్పి వచ్చితిని.

పది గంటలు నడచిన పిమ్మట ఆయిలును మరల దింపుమంటిని. క్రొత్తగా పోసిన ఆయిలు అప్పుడే నల్లగా మారి వచ్చెనని, అడుగున నీటిచుక్క లేదని అతడు వర్తమానము పంపెను. ఈ యేడు జీలుగ తన బండితోనే కలియదున్నెదనని గూడ వ్రాసెను. పొగగొట్టముపై ఇప్పుడొక పాలడబ్బా బోర్లించియున్నదట.