పాత కంప్యూటరుకు వైరే మేలు

తెలుగు డీటీపీ చేసేవాళ్ల ఇళ్లలో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. పేజ్‌మేకరుకూ అను ఫాంట్లకూ అలవాటుపడిన చేతులు మరోదానికి మారవు. ఏళ్ల తరబడి కూర్చిన శుభలేఖలూ కరపత్రాలూ ఆ హార్డ్ డిస్కులోనే ఉంటాయి. పక్కగదిలో పిల్లల కొత్త లాప్‌టాప్ ఉంటుంది. ఇంటికొచ్చే ఫైబర్ కనెక్షన్ మాత్రం ఒక్కటే. పాతదానికి వైఫై పెట్టగానే ‘నెట్ స్లో అయింది’ అని లాప్‌టాప్ వైపు నుంచి గొడవ మొదలవుతుంది. గొడవలో నిజం ఉంది. కాని తప్పు ఇంటర్నెట్‌ది కాదు, ఇంట్లోని గాలిది.

కనెక్షన్ పంచుకోవడానికి కంప్యూటరు వయసు అసలు అడ్డే కాదు. నెట్‌లో మిషన్లను గుర్తించే ఐపీ నాలుగో వెర్షన్ అడ్రసులు 32 బిట్లవి కాబట్టి ప్రపంచం మొత్తానికి దాదాపు 429 కోట్లే వచ్చాయి. కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది. ఈ కరువు వస్తుందని ముందే ఊహించినవాళ్లు 1994లో ఒక ఉపాయం ప్రతిపాదించారు. దాని పేరు నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, క్లుప్తంగా నాట్. ఇంటి లోపల అందరికీ సాధారణంగా 192.168తో మొదలయ్యే అడ్రసులు ఉంటాయి, బయటి ప్రపంచానికి కనిపించేది రూటర్ అడ్రసు ఒక్కటే. లోపలి నుంచి వెళ్లే ప్రతి సంభాషణకూ రూటర్ ఒక పోర్టు నంబరు కేటాయించి, అది ఎవరిదో పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి అసలు యజమానికి చేరవేస్తుంది. ఇందుకు ఆధారమైన ఐపీ నాలుగో వెర్షన్ నియమాలు 1981 నాటివి. కాబట్టి పాతికేళ్ల నాటి మిషనూ, నిన్న కొన్నదీ రూటర్ కంటికి ఒకటే.

వైరుతో కలిపినా ఇబ్బంది లేదు. ఈథర్‌నెట్ కేబుల్ పెట్టగానే రెండు చివరలూ మాట్లాడుకుని, ఇద్దరికీ చేతనైన పెద్ద వేగం దగ్గర స్థిరపడతాయి. అది 10, 100, 1000 మెగాబిట్లలో ఏదైనా కావచ్చు. రూటర్ వెనక ప్రతి పోర్టుకూ దాని వేగం దానిదే. పాత కంప్యూటరు 100 దగ్గర ఆగిపోయినా పక్క పోర్టులోని లాప్‌టాప్ 1000తో నడుస్తుంది. మాటల్లో మాటగా ఒక సంగతి. వెయ్యి మెగాబిట్లకు కేబుల్లోని ఎనిమిది తీగలూ కావాలి, వందకు నాలుగు చాలు. ఒక్క తీగ తెగినా లింకు వందకు పడిపోవచ్చు. మూడు వందల ప్లాను కట్టించుకుని, వైరు మీద కూడా 94 దాటడం లేదని వాపోయేవాళ్లు కంపెనీకి ఫోను చేసేముందు కేబుల్ మార్చి చూడాలి.

వైఫై కథ వేరు. అక్కడ పోర్టులు లేవు. ఒక ఛానల్లో ఒక్క క్షణానికి ఒక్కరే మాట్లాడాలి. అందరికీ వంతులు సమానం, వంతుకు పట్టే సమయం మాత్రం సమానం కాదు. రేషన్ షాపు క్యూలో ఒకరికి వేలిముద్ర ఎంతకీ పడకపోతే వెనకవాళ్లందరూ నిలబడాల్సిందే కదా, ఇదీ అంతే. లెక్క చూడండి. 1500 బైట్ల ప్యాకెట్ అంటే 12,000 బిట్లు. సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో దాన్ని పంపడానికి మిల్లీసెకనులో ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ పడుతుంది. 1999 నాటి వైఫై కార్డు 11 మెగాబిట్ల దాకా వెళ్లగలదు. కాని గోడ అడ్డొచ్చి సిగ్నల్ తగ్గితే ఒక్క మెగాబిట్‌కు దిగజారుతుంది. అప్పుడు అదే ప్యాకెట్‌కు 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఇద్దరూ వంతులవారీగా పంపుతూ పోతే వేగమైనవాడికీ దక్కేది ఒక మెగాబిట్ కంటే తక్కువే. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు ఈ చిక్కును 2003లోనే లెక్కలతో చూపించారు. గాలి సమయాన్ని సమంగా పంచే రూటర్లు తరవాత వచ్చాయి. కాని రూటర్ అదుపు చేయగలిగేది ప్రధానంగా తాను పంపేవాటినే. పాత కార్డు తానుగా పంపేటప్పుడు పట్టే సమయాన్ని అది తగ్గించలేదు.

ఆ పాత కార్డులకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే తెలుసు. కొత్తవాటిని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చితే ఇద్దరి గాలీ వేరైపోతుంది. మంచి మార్గమే, కాని ఆ బ్యాండ్ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. అందుకే నా ఓటు పాతదానికి వైరు వేయడానికే.

వైరుకు ఓటు వేయడానికి ఇంకో బలమైన కారణం తాళం. కొన్ని పాత కార్డులకు తెలిసిన ఏకైక రహస్య లిపి వెప్. దాన్ని ఛేదించే దారి 2001లోనే బయటపడింది. ఒక్క పాత మిషన్ కోసం రూటర్‌ను వెప్‌కు దించితే ఇంట్లో అందరి తలుపూ తెరిచినట్టే. పైగా 2009 నాటి వైఫై ప్రమాణం వెప్ వాడేవారికి పెద్ద వేగాలు ఇవ్వదు, 54 దగ్గరే ఆపేస్తుంది. మూడో సర్వీస్ ప్యాక్ ఉన్న ఎక్స్‌పీకి వెప్ కంటే గట్టి తాళమైన డబ్ల్యూపీఏ2 వచ్చు, కార్డూ దాని డ్రైవరూ సహకరిస్తే దాంతో సరిపెట్టుకోవచ్చు. కేబుల్‌కు ఈ బెడదేమీ లేదు.

ఇంత చేశాక కూడా పాతదాంట్లో సైట్లు తెరుచుకోకపోతే ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదని బ్రౌజరు అనుకుంటుంది. తేదీ సరిగ్గానే ఉన్నా తెరుచుకోలేదంటే ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు సైట్లతో రహస్యంగా మాట్లాడే నేటి పద్ధతి, అంటే నేటి టీఎల్ఎస్, రాదన్నమాట. దానికి ఏ రూటరూ మందు కాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. ఆ మిషన్లో ఫైళ్లు పంపుకోండి, ప్రింట్లు తీసుకోండి. బ్యాంకు పాస్‌వర్డు మాత్రం టైపు చేయకండి.