పీపాలో మాగిన పొగాకు రుచి: సీసా మీద ఏ అంకె చూడాలి?

డాలస్‌లో ఉంటున్న మీ మేనల్లుడి బల్ల మీద ఒక చిన్న సీసా కనిపించిందనుకోండి. లోపల ముదురు గోధుమ రంగు ద్రవం. పైన చెక్క పీపా బొమ్మ, పక్కనే ఒక పొగాకు ఆకు. ‘ఓక్ పీపాలో మాగబెట్టిన పొగాకు రుచి’ అని పెద్ద అక్షరాలు. అడుగున, కళ్లు చికిలిస్తే గానీ కనపడనంత చిన్నగా 60 మి.లీ., 6 మి.గ్రా., 70/30 అని మూడు అంకెలు. ఇది ఈ-సిగరెట్‌లో పోసుకునే ద్రవం. ఈ-లిక్విడ్ అంటారు. దాన్ని వేడిచేసి ఆవిరి పీల్చడమే వేపింగ్. పెద్ద అక్షరాలు ఏం చెబుతున్నాయో, చిన్న అంకెలు ఏం చెబుతున్నాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

సీసాలో అసలు ఏముంది?

ముఖ్యంగా నాలుగే. ఒకటి ప్రొపిలీన్ గ్లైకాల్: రంగూ వాసనా లేని పల్చటి ద్రవం, ఆహారంలో వాడే ఎసెన్సుల్లోనూ కొన్ని మందుల్లోనూ ఉంటుంది. రెండోది గ్లిజరిన్: మందుల షాపులో దొరికే చిక్కటి, తియ్యటి ద్రవమే. మూడోది నికోటిన్, నాలుగోది రుచినిచ్చే పదార్థాలు. 70/30 అన్న అంకె మొదటి రెండిటి పాళ్లు చెబుతుంది. ఇలాంటి సీసాలో సాధారణంగా 70 పాళ్లు గ్లిజరిన్, 30 పాళ్లు గ్లైకాల్. 60 మి.లీ. సీసాలో ఇంచుమించు 42 మి.లీ. గ్లిజరిన్, 18 మి.లీ. గ్లైకాల్ అన్నమాట. గుప్పున వచ్చే ఆవిరి ఎక్కువగా గ్లిజరిన్ వల్ల. రుచిని బాగా కరిగించుకుని మోసేది గ్లైకాల్.

మరి పొగాకు ఆకు ఎక్కడుంది?

ఆకు ఉండదు. పొగాకు రుచి రెండు దారుల్లో వస్తుంది. ఎక్కువ సీసాల్లో పొగాకును తలపించే వాసన పదార్థాలను విడివిడిగా తెచ్చి కలుపుతారు. కొద్దిమంది తయారీదారులు ఎండిన ఆకును గ్లైకాల్‌లోనో ఆల్కహాల్‌లోనో రోజుల తరబడి నానబెట్టి, వడకట్టి, ఆ సారాన్ని వాడతారు. టీ పొడితో డికాషన్ తీసినట్టే. ఈ సారం ముదురుగా ఉంటుంది, పరికరంలో వేడెక్కే తీగ మీద త్వరగా మడ్డి కడుతుంది. ‘సహజ సారం’ అని రాసినంత మాత్రాన అది శుభ్రమైనదని కాదు. ఆకులోని రుచితో పాటు ఆకులోని ఇతర పదార్థాలూ కొంత దిగుతాయి.

పీపా చేసే పనేమిటి?

మనం ఆవకాయను జాడీలో ఊరబెడతాం. జాడీ తన రుచిని ఆవకాయకు ఇవ్వదు, అందుకే జాడీ వాడతాం. ఓక్ పీపా పని ఇందుకు సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ రుచి ఇచ్చేది గిన్నే. పీపా చేసేటప్పుడు లోపలి గోడను మంటతో కాలుస్తారు. ఆ వేడికి చెక్కను గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం విరిగి వెనిలిన్ పుడుతుంది. వెనిలా ఐస్‌క్రీం వాసన దానిదే. ఓక్ లాక్టోన్ అనే మరో పదార్థం కొబ్బరి వాసన ఇస్తుంది. లవంగానికి ఆ ఘాటునిచ్చే యూజినాల్ ఓక్ చెక్కలోనూ ఉంది. చెక్కలోని చక్కెరలు మాడి పాకం వాసన వస్తుంది. పీపాలో పోసిన ద్రవం వీటిని మెల్లగా లాక్కుంటుంది.

ఈ పీపాలు ఎక్కడి నుంచి వస్తాయి?

అమెరికాలో బర్బన్ అనే విస్కీని కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే మాగబెట్టాలని చట్టం ఉంది. అంటే ఒకసారి వాడిన పీపా బర్బన్‌కు మళ్లీ పనికిరాదు. అందుకే వాడేసిన పీపాలు పెద్ద సంఖ్యలో బయటికొస్తాయి. వాటిని స్కాచ్ విస్కీ తయారీదారులు కొంటారు, సాస్‌లూ తేనెలూ మాగబెట్టేవాళ్లు కొంటారు, ఈ-లిక్విడ్ చేసేవాళ్లూ కొంటారు. మామూలు బర్బన్ పీపా 53 అమెరికన్ గ్యాలన్లు, సుమారు 200 లీటర్లు. ఇంటికి వేయించుకునే 20 లీటర్ల నీళ్ల డబ్బాలు పది పోస్తే నిండుతుంది. అందులో పట్టే ద్రవంతో 60 మి.లీ. సీసాలు 3,300కు పైగా నింపొచ్చు.

కొన్ని వారాల్లో చెక్క రుచి దిగుతుందా?

మంచి సందేహమే. స్కాచ్ అనిపించుకోవాలంటే విస్కీ కనీసం 3 ఏళ్లు పీపాలో ఉండాలి. ఈ-లిక్విడ్‌ను మాగబెట్టేది సాధారణంగా కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. పైగా గ్లిజరిన్ మామూలు గది వేడిలో నీటికంటే వెయ్యి రెట్లు చిక్కన, చెక్క రంధ్రాల్లోకి అంత సులువుగా దూరదు. అందుకని కొందరు చిన్న పీపాలు వాడతారు. 200 లీటర్ల పీపాలో ఒక్కో లీటరుకు తగిలే చెక్క సుమారు 100 చదరపు సెంటీమీటర్లు, అరచేయంత. అదే ఆకారంలో 5 లీటర్ల బుల్లి పీపా అయితే ఒక్కో లీటరుకు దాదాపు 340 చదరపు సెంటీమీటర్లు, ఏ4 కాగితంలో సగానికి పైనే. చెక్క మూడున్నర రెట్లు దగ్గరైతే రుచీ త్వరగా దిగుతుంది. ఇంకా తొందరపడేవాళ్లు పీపా జోలికే పోకుండా కాల్చిన ఓక్ ముక్కలను ద్రవంలో వేస్తారు. కొందరు ఓక్ రుచి ఎసెన్సు కలుపుతారు.

అయితే ‘పీపాలో మాగింది’ అన్న మాటకు గ్యారంటీ ఏది?

స్కాచ్‌కు, బర్బన్‌కు చట్టంలో నిర్వచనం ఉంది. స్కాచ్ ఎన్నేళ్లు మాగాలి, బర్బన్‌కు ఎలాంటి పీపా వాడాలి అన్నది అక్కడ రాసి ఉంటుంది. ఈ-లిక్విడ్ల విషయంలో ఐరోపా సంఘం 2014 ఆదేశమూ, అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధనలూ నికోటిన్ గురించీ, హెచ్చరికల గురించీ మాట్లాడతాయి గానీ ‘పీపాలో మాగడం’ అంటే ఏమిటో చెప్పవు. మూడు నెలలు పీపాలో ఉన్న ద్రవానికీ, మూడు రోజులు చెక్క ముక్కలు నానిన ద్రవానికీ ఒకే మాట రాసుకోవచ్చు. ముదురు రంగు కూడా సాక్ష్యం కాదు. గాలి, వెలుతురు తగిలితే నికోటిన్ తనంతట తానే గోధుమ రంగుకు తిరుగుతుంది.

మాగితే పొగాకు ఘాటు మెత్తబడుతుంది కదా?

మన పొగాకు రైతు ఈ ప్రశ్న తప్పక అడుగుతాడు, ఎందుకంటే మాగడం ఆయనకు తెలిసిన పనే. జంగారెడ్డిగూడెం, ఒంగోలు, కందుకూరు ప్రాంతాల్లో పచ్చాకును బ్యారన్ అనే వేడి గదికి ఎక్కించి, సన్నటి వేడితో మొదలుపెట్టి 70 డిగ్రీల దాకా పెంచుతూ, సుమారు 5 నుంచి 7 రోజులు ఆరబెడతారు. వేలంలో అమ్ముడైన ఆకు కంపెనీ గోదాముల్లో ఏడాదో అంతకు మించో మాగుతుంది. అప్పుడు ఆకులోని చక్కెరలు, ఇతర పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి గొంతును గీరే ఘాటు తగ్గుతుంది, వాసన తియ్యబడుతుంది. పీపాలోనూ ద్రవం గొంతుకు మెత్తగా అనిపించవచ్చు. కానీ మెత్తబడేది రుచి. నికోటిన్ చెప్పుకోదగినంత తగ్గదు. 6 మి.గ్రా. అని కలిపిన ద్రవం పీపాలోకి వెళ్లినప్పుడూ 6, బయటికొచ్చినప్పుడూ ఇంచుమించు 6. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గొంతు గీరుకోకపోతే మనిషి ఇంకో దమ్ము, ఇంకో దమ్ము లాగుతాడు.

6 మి.గ్రా. అంటే ఎంత?

ఒక్క మిల్లీలీటరులో 6 మిల్లీగ్రాముల నికోటిన్. సీసా మొత్తంలో కాదు. 60 మి.లీ. సీసాలో 60ని 6తో గుణిస్తే 360 మి.గ్రా. ఒక సిగరెట్ తాగితే ఒంటికి చేరే నికోటిన్ సుమారు 1 నుంచి 2 మి.గ్రా. సీసాలోదంతా ఒంటికి చేరదు, ఆవిరిలో కొంత బయటికి పోతుంది. అయినా నిల్వ ఎంత పెద్దదో అర్థమవుతుంది. రోజుకు 3 మి.లీ. వాడే మనిషి రోజూ 18 మి.గ్రా. నికోటిన్ ఉన్న ద్రవాన్ని ఆవిరి చేస్తున్నాడు. సీసా 20 రోజులు వస్తుంది.

బ్రిటన్‌లోనూ ఐరోపా సంఘంలోనూ మిల్లీలీటరుకు 20 మి.గ్రా. దాటకూడదు, నికోటిన్ ఉన్న సీసా 10 మి.లీ. మించకూడదు. అమెరికాలో అలాంటి దేశవ్యాప్త పరిమితి లేదు. అక్కడ కొన్నింటి మీద మిల్లీగ్రాములకు బదులు శాతాలు ఉంటాయి. 5 శాతం అని రాసి ఉంటే మిల్లీలీటరుకు 50 మి.గ్రా. కంటే ఎక్కువే, ఎందుకంటే ఆ శాతం బరువు లెక్క, ఈ ద్రవం నీటికంటే బరువైనది.

ఇంటి లెక్కలో చెప్పాలంటే, మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. 20 మి.గ్రా. ద్రవం అయితే ఒక్కో చుక్కలో 1 మి.గ్రా. అంటే ఒక సిగరెట్ నుంచి ఒంటికి చేరేంత నికోటిన్ ఒక్క చుక్కలో ఉంది. ఒక టీస్పూనులో 100 మి.గ్రా. అది పసిపిల్ల నోట్లో పడితే ప్రాణం మీదికి వస్తుంది. వెనిలా, పాకం వాసన వేసే సీసా పిల్లలకు షర్బత్‌లాగే అనిపిస్తుంది. అమెరికాలో 2016 నుంచి ఈ సీసాలకు పిల్లలు తీయలేని మూత తప్పనిసరి చేసింది ఇందుకే. ఇంట్లో సీసా ఉంటే అది తాళం వేసిన అలమరాలో ఉండాలి. చర్మం మీద ఒలికితే వెంటనే సబ్బుతో కడగాలి, నికోటిన్ చర్మం గుండానూ లోపలికి వెళ్తుంది.

వెనిలా, లవంగం రోజూ తినేవే కదా, పీలిస్తే ఏం?

తినడానికి పనికొచ్చేది పీల్చడానికి పనికొస్తుందని కాదు. పొట్టలో పడినదాన్ని జీర్ణరసాలు, కాలేయం మార్చి, వడకట్టి పంపుతాయి. ఊపిరితిత్తికి ఆ రక్షణ లేదు. వెన్న వాసన ఇచ్చే డైఅసిటైల్ ఇందుకు పాత ఉదాహరణ. తిన్నవాళ్లకు హాని కనపడలేదు, పాప్‌కార్న్ ఫ్యాక్టరీల్లో ఆ ఆవిరిని పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. బ్రిటన్ ఈ-లిక్విడ్లలో దాన్ని నిషేధించింది. పీపా ద్రవంలో చూడాల్సిన సంగతి మరొకటుంది. వెనిలిన్ గ్లైకాల్‌తో కలిసి ఉంటే, గది వేడిలోనే, అందులో కొంత భాగం అసిటాల్ అనే కొత్త పదార్థంగా మారుతుంది. ఇది గొంతులో, శ్వాసనాళాల్లో మంటను గుర్తించే నాడులను రేపగలదని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2018లో చూపించారు. సీసాలో కలిపిన పదార్థాల జాబితాలో దీని పేరు ఉండదు, ఎందుకంటే దాన్ని ఎవరూ కలపలేదు.

సిగరెట్ కంటే నయమే కదా?

సిగరెట్ కొస దమ్ము లాగినప్పుడు సుమారు 900 డిగ్రీలకు చేరుతుంది. ఆకు కాలి తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. ఈ-సిగరెట్‌లో కాలడం లేదు, అందుకే అందులోని విషాలు బాగా తక్కువ. సిగరెట్ పూర్తిగా మానేసి దీనికి మారిన మనిషికి హాని తగ్గుతుందని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతోంది. పొగ తాగనివాళ్లు మొదలుపెట్టొద్దనీ అదే శాఖ చెబుతోంది. రెండూ కలిపి తాగేవాళ్లకు ఆ లాభం పోతుంది. పైగా తీగ మరీ వేడెక్కితే గ్లిజరిన్ విరిగి ఫార్మాల్డిహైడ్ వంటివి పుడతాయి. 2019లో అమెరికాలో ఊపిరితిత్తుల జబ్బుతో 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలై, 68 మంది చనిపోయిన సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ జబ్బుకు ప్రధాన కారణంగా తేలింది గంజాయి సారం ఉన్న ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్. పొగాకు రుచి ద్రవానికి ఆ నింద వేయకూడదు. అంతమాత్రాన దానికి యోగ్యతాపత్రం ఇచ్చినట్టూ కాదు.

ఇండియాకు వచ్చేటప్పుడు సీసా తెచ్చుకోవచ్చా?

వద్దు. మన దేశంలో 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. నికోటిన్ ఉన్నా లేకపోయినా, పూర్తి పరికరమైనా అందులో ఒక భాగమైనా చట్టం కిందికే వస్తుంది. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వకు విడిగా 6 నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. శంషాబాద్‌లో దిగే మేనల్లుడికి ఈ మాట విమానం ఎక్కకముందే చెప్పండి.

మానాలనుకునేవారికి ఇక్కడ దారులున్నాయి. 2 మి.గ్రా. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది, పొగాకు మాన్పించే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356.

ఈసారి ఆ సీసా చేతికొస్తే పీపా బొమ్మను వదిలేసి ముందు అడుగున ఉన్న చిన్న అంకెలు చూడండి. మి.లీ.ని మి.గ్రా.తో గుణించండి. వచ్చిన అంకె పక్కన, ఒక సిగరెట్ ఇచ్చే 1 నుంచి 2 మి.గ్రా. రాసుకోండి. కాగితం మీద ఆ లెక్క మీ మేనల్లుడితో కలిసి వేయండి. మీరు చెప్పే హితవు కంటే తన చేత్తో వేసిన ఆ గుణకారాన్ని ఆ అబ్బాయి ఎక్కువ రోజులు గుర్తుపెట్టుకుంటాడు.