డిటెక్టివు ప్రేమించవచ్చునా?

అపరాధ పరిశోధక నవలలు చదివేవారు రెండు రకాలు. చివరి పేజీ ముందుగా చూసేవారు ఒక రకం. అలా చూసి పక్కవాడికి చెప్పేసేవాణ్ణి జన్మలో క్షమించనివారు రెండో రకం. ఈ ఇద్దరికీ ఎందులోనూ పొత్తు కుదరదు గాని, ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం వుంది. డిటెక్టివుకి సొంత గొడవ వుండకూడదు! పదిమంది గుట్టు బయటపెట్టేవాడికి తన గుట్టంటూ ఒకటి వుంటే కథ దారి తప్పుతుందని వారి భయం. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ వెనకాల మన పాఠకుడు హంతకుడి కోసం పరుగెత్తాడే గాని, ఆ యుగంధర్ రాత్రిపూట ఒంటరిగా కూర్చుని దేన్ని తలచుకుంటాడని ఏనాడూ అడగలేదు.

ఇది మన పాఠకుడి ఒక్కడి పట్టుదల కాదు. ఎస్. ఎస్. వాన్ డైన్ అనే అమెరికన్ రచయిత 1928లో ఇరవై సూత్రాలు ఏర్పరచి, డిటెక్టివు కథలు వ్రాసేవారందరూ వాటిని శిరసావహించాలన్నాడు. అందులో మూడోది ప్రేమ కూడదనే. నేరస్థుణ్ణి న్యాయస్థానానికి చేర్చడం కథకుడి పనిగాని, ప్రేమికులను పెళ్ళిపీటలకు చేర్చడం కాదని ఆయన ఉద్దేశం. పదేళ్ళయినా తిరగకుండానే ఇంగ్లండులో డొరతీ సేయర్స్ అనే ఆవిడ ఆ సూత్రాన్ని చిలక్కొయ్యకు తగిలించి, తన డిటెక్టివు లార్డ్ పీటర్‌కు 1937 నాటి నవలలో పెళ్ళి చేసి కాపురం పెట్టించింది. పాఠకులు కొందరు గొణిగారు, చాలామంది సంతోషించారు.

అంటే స్త్రీని ప్రేమించిన డిటెక్టివుకు తలుపు తెరిచారన్నమాట. మరి పురుషుణ్ణి ప్రేమించిన డిటెక్టివు మాటేమిటి?

కారు దొరికింది, మనిషి దొరకలేదు

ఆ ప్రశ్నకు గట్టి జవాబు చెప్పిన నవల 1970లో న్యూయార్కులోని హార్పర్ అండ్ రో సంస్థ ప్రచురించిన “ఫేడౌట్”. రచయిత జోసెఫ్ హాన్సెన్. అమెరికాలో దక్షిణ డకోటాలో 1923లో పుట్టి, కాలిఫోర్నియాలో స్థిరపడి, 2004లో కన్నుమూశాడు. అంతకుముందు జేమ్స్ కోల్టన్ అనే మారుపేరుతో చిన్న ప్రచురణకర్తలకు పుస్తకాలు వ్రాసిచ్చినవాడు, “ఫేడౌట్”కు సొంతపేరు పెట్టుకున్నాడు.

ఇటువంటి నవల అదే మొదటిదని చెప్పడానికి వీల్లేదు. 1953లో రాడ్నీ గార్లండ్ అనే మారుపేరుతో ఇంగ్లండులో వెలువడిన నవలలో ఒక మానసిక వైద్యుడు తన పూర్వ ప్రియుడి మరణరహస్యం వెతుకుతాడు. 1966లో జార్జ్ బాక్‌స్ట్, ఫేరో లవ్ అనే నీగ్రో జాతి పోలీసు డిటెక్టివును సృష్టించాడు. కాని ఆ పాత్రలో విడ్డూరం పాలు ఎక్కువ. హాన్సెన్ డిటెక్టివులో విడ్డూరం బొత్తిగా లేదు.

అతని పేరు డేవ్ బ్రాండ్‌స్టెటర్. లాస్ ఏంజెలెస్‌లో ఒక జీవిత భీమా కంపెనీలో మరణ క్లెయిములు పరిశోధించే ఉద్యోగి. నలభైలు దాటినవాడు, మితభాషి, చేసే పనిలో దిట్ట. కంపెనీకి అధిపతి అతని తండ్రే. ఈ తండ్రిగారు పెళ్ళిమీద పెళ్ళి చేసుకుంటూ పోయే మనిషి. కొడుకు మాత్రం రాడ్ అనే ఒక్క మనిషితో దీర్ఘకాలం కాపురం చేశాడు. కథ మొదలయ్యే నాటికి ఆ రాడ్ కాన్సర్‌తో పోయి కొద్ది వారాలే అయింది.

ఆ దుఃఖంతోనే డేవ్ పీమా అనే చిన్న ఊరికి వెళతాడు. అక్కడ రేడియోలో పాటలు, కబుర్లు చెప్పి జనాన్ని ఆకట్టుకున్న ఫాక్స్ ఓల్సన్ అనే ఆయన కారు, తుఫాను రాత్రి వంతెన మీదనుంచి వరదలో పడిపోయింది. కారు దొరికింది, శవం దొరకలేదు. భార్య భీమా సొమ్ము అడుగుతోంది. మనిషి నిజంగా పోయాడా? పోతే ఎలా పోయాడు? పోకపోతే ఎక్కడున్నాడు? ఆపైన చెప్పడం ధర్మం కాదు. మొదటి పేరాలో పేర్కొన్న రెండో రకంవారి కోపానికి గురికావడం నాకిష్టం లేదు.

చదివినవారు ఏమన్నారు?

ఈ నవల ఇంగ్లీషులో చదివిన మిత్రులూ, మా విద్యార్థులూ కొందరు వున్నారు. వారి అభిప్రాయాలు పోగుచేసి చూస్తే, నవల ఎంత తెలిసిందో మనుషులూ అంత తెలిశారు. పేర్లు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు.

భీమా కంపెనీలో క్లెయిముల విభాగంలో పనిచేసే మిత్రుడొకడు దీన్ని తన వృత్తి పుస్తకంగానే చదివాడు. డిటెక్టివు ఎవర్ని ప్రేమించాడన్నది అతనికి పట్టలేదు. పిస్తోలు చేతబట్టి పరుగెత్తే మొనగాళ్ళకంటే, పాలసీ ఎప్పుడు తీసుకున్నాడు, నామినీ ఎవరు, ఎవరి పేరు ఎప్పుడు మార్చాడు అని అడిగేవాడే అసలైన డిటెక్టివని అతని తీర్మానం. శవం దొరకని కేసులు మన దేశంలో ఎంత చిక్కో కూడా చెప్పాడు. మనిషి బ్రతికి వుంటే ఎవరికి కబురు తెలియాలో వారికి ఏడేళ్ళపాటు ఏ కబురూ తెలియకపోతేగాని చట్టం అతన్ని పోయినవాడిగా భావించదు. కాబట్టి పీమా ఊరి చిక్కు అతనికి కట్టుకథగా తోచలేదు.

రిటైరైన పోలీసు అధికారి ఒకరు మాత్రం ఒక చోట గట్టిగా అడ్డం తిరిగారు. పరిశోధన సాగుతుండగా, ఆ కేసుతో సంబంధమున్న మనిషివైపు డేవ్ మనసు మొగ్గుతుంది. ఆయనకు అది నచ్చలేదు. ఆ మనిషి పురుషుడైనందుకు కాదట. స్త్రీ అయినా తన అభ్యంతరం ఇంతేనట. అనుమానితుల జాబితాలో వున్నవారి మీద పరిశోధకుడికి ప్రేమ కలిగితే ఫైలు ఇంకొకరికి అప్పగించాలని ఆయన వాదన. ఇది న్యాయమైన విమర్శ. వాన్ డైన్ మూడో సూత్రానికి ఇంతకంటే మంచి సమర్థన ఆ వాన్ డైన్ కూడా చెప్పలేదు.

వారపత్రికల సీరియళ్ళు తప్ప ఇంకేమీ చదవనని చెప్పుకునే ఒక పెద్దావిడకు ఆమె మనవరాలు ఈ కథను విడతలు విడతలుగా తెలుగులో చెప్పిందట. అంతా విని ఆవిడ, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాణ్ణి నెలైనా తిరక్కుండా డ్యూటీకి ఎలా పంపారని అడిగిందట. పోయినవాడు మగవాడే సుమా అని మనవరాలు గుర్తు చేస్తే, పోయినవాడు పోయినవాడే కదా అన్నదట. వేదాంత గ్రంథాలు తిరగేసినవారు కూడా ఒక్కొక్కప్పుడు అందుకోలేని మాట ఇది.

అయితే అందరూ ఇలా వున్నారనుకోకండి. నా సహాధ్యాపకుడొకరు పుస్తకం సగంలో ఆపేశారు. లోకంలో ఇటువంటివారు వుంటే వుండవచ్చు గాని, వారిని కథానాయకుల్ని చేస్తే పడుచువాళ్ళు చెడిపోరా అని ఆయన ప్రశ్న. నిజాయితీగా అడిగిన ప్రశ్నే గనుక నిజాయితీగానే జవాబు చెప్పాలి. హత్యల నవలలు వందలు చదివి ఆయన ఎవర్నీ హత్య చేయలేదు. దొంగల కథలు చదివి దొంగతనానికి దిగలేదు. పుస్తకం చదివి మనసు ఒకర్ని వదిలి ఇంకొకరి మీదికి మళ్ళుతుందనుకోవడం పుస్తకానికి లేని శక్తిని అంటగట్టడమే. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1973లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తొలగించింది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న, వయసు వచ్చినవారు ఇష్టపూర్వకంగా కలిసి వుండడం నేరం కాదని తీర్పు చెప్పింది. వైద్యుడు జబ్బు కాదన్నాడు, న్యాయమూర్తి నేరం కాదన్నాడు. ఇక నవలాకారుడు కథానాయకుడన్నందుకు కోపగించుకోవడం దేనికి?

ప్రేమ చాలలేదన్నవారు

మా ఎమ్మే విద్యార్థిని ఒకామె ఫిర్యాదు దీనికి సరిగ్గా తలక్రిందులు. “ఫేడౌట్”లో ప్రేమ చాలలేదని ఆమె పేచీ. ఆమెకు నచ్చినవి జాష్ లాన్యన్ నవలలు. ఆ వరుసలో మొదటిది 2000లో వచ్చింది. అందులో ఏడ్రియన్ ఇంగ్లిష్ అనే పుస్తకాల షాపు యజమాని హత్యాకేసులో చిక్కుకుంటాడు. కేసు చూసే పోలీసు డిటెక్టివు జేక్ రియోర్డన్. వీరిద్దరికీ మనసులు కలుస్తాయి గాని, జేక్ తన సంగతి లోకానికి తెలియకుండా దాచుకునే మనిషి. అబద్ధాలాడతాడు, మొహం చాటేస్తాడు. ఇటువంటివాణ్ణి ఏడ్రియన్ క్షమించవచ్చునా కూడదా అని పాఠకులు రెండు పక్షాలుగా చీలిపోయారు. పిరికివాడికి ప్రేమించే అర్హత లేదని ఒక పక్షం. ఉద్యోగమూ పరువూ పోతాయన్న భయం అనుభవించనివారికి తీర్పు చెప్పే అర్హత లేదని రెండో పక్షం. హంతకుడెవరన్న సంగతి ఈ తగాదాలో ఇద్దరూ మరచిపోయారు!

ఈ రకం ప్రేమ కథలు ఇంగ్లీషులో చదివేవారిలో స్త్రీలు చాలామంది వున్నారు. ఎందుకని అడిగితే మా విద్యార్థిని ఒక మాట చెప్పింది. మామూలు ప్రేమ నవలలో ఎవరు ఎవరికి లొంగాలో మొదటి పేజీలోనే తెలిసిపోతుందట. ఇక్కడ ఇద్దరూ సమానం గనుక, ఎవరు ముందు తగ్గుతారో చివరిదాకా తెలియదట. అందులో కూడా ఒక మిస్టరీ వుందన్నమాట.

గడిలో లేని పేరు

అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసినది ఒక పూర్వ విద్యార్థి వ్రాసిన ఉత్తరం. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. నేరస్థుడెవరో తాను ముందే కనిపెట్టాననీ, అది పెద్ద విశేషం కాదనీ వ్రాశాడు. అతన్ని పట్టుకున్నది వేరొకటి. డేవ్ ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగే ప్రశ్న ఒకటే: పోయినవారికి మీరేమవుతారు? భార్య, కూతురు, అల్లుడు, ఎవరి జవాబు వారికి సిద్ధంగా వుంటుంది. సరిగ్గా అదే ప్రశ్న ఎవరైనా డేవ్‌ను రాడ్ గురించి అడిగితే? అన్నేళ్ళు ఒకే కప్పు కింద బ్రతికినవాడికి ఆ ఫారంలో వ్రాసుకునేందుకు మాట లేదు. నాకూ ఆ గడిలో వ్రాయడానికి మాట లేదండీ అని ఉత్తరం ముగించాడు. ఆ కుర్రవాణ్ణి చాలా ఏళ్ళుగా ఎరుగుదును. ఈ ఒక్క వాక్యంతో మరికొంత ఎరిగాను.

ఆ మాట కల్పన కాదు. “ఫేడౌట్” వెలువడిన 1970లో కాలిఫోర్నియాలో ఇటువంటి సంబంధమే నేరం. ఆ చట్టం రద్దు కావడానికి 1976 జనవరి 1 దాకా ఆగవలసి వచ్చింది. తండ్రిగారి పెళ్ళిళ్ళన్నీ చట్టసమ్మతం, కొడుకు ఒకే ఒక్క కాపురం చట్టవిరుద్ధం! హాన్సెన్ ఎక్కడా ఉపన్యాసం ఇవ్వకుండా, ఈ రెంటినీ ఒకే కుటుంబంలో పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు.

మన దేశంలో నేరం మాట 2018లో పోయింది గాని, పెళ్ళి మాట తేలలేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇటువంటి వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి అంగీకరించక, అది శాసనసభలు తేల్చవలసిన పని అన్నది. అయితే ఇద్దరూ కలిసి బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా వ్రాసుకోవడానికీ ఆటంకం లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. అంటే ఒక్క గడి తెరిచారు. చిన్న గడే గాని, పోయినవాడి పాసుపుస్తకం చేతబట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డవాడికి అది చిన్నది కాదు.

వయసు మీరిన డిటెక్టివు

డేవ్ కథలు మొత్తం పన్నెండు. చివరిది 1991లో వచ్చింది. మామూలు డిటెక్టివులకు వయసు రాదు, డేవ్‌కు వస్తుంది. తండ్రిని పోగొట్టుకుంటాడు, కొత్త తోడు వెతుక్కుంటాడు, ఒళ్ళు అలుస్తుంది. ఎయిడ్స్ జబ్బు అమెరికాలో విజృంభించిన రోజుల్లో, 1987లో, ఆ రోగుల్ని వరుసగా చంపుతున్న హంతకుడి కథ వ్రాశాడు హాన్సెన్. ప్రైవేటు డిటెక్టివు కథారచయితల సంఘం 1992లో జీవిత సాఫల్యానికి ఆయన్ను గౌరవించింది. తోటి రచయితలు ఆయన్ను పక్క గదిలో కూర్చోబెట్టకుండా తమ పంక్తిలోనే కూర్చోబెట్టారు.

ఇక మొదటి ప్రశ్న. డిటెక్టివు ప్రేమించవచ్చునా? పోలీసు అధికారిగారి అభ్యంతరం అలాగే వుండనిచ్చి నా ఓటు చెబుతాను. ప్రేమించవచ్చు, ఆ ప్రేమ అతని చూపుకు పదును పెడితే. ఫాక్స్ ఓల్సన్ ఇంట్లో అందరూ చూసి కూడా గుర్తించలేని ఆనవాళ్ళు డేవ్ కంటికి ఆనడానికి కారణం తెలివి ఒక్కటే కాదు. దాచుకుని బ్రతకడం ఎలా వుంటుందో అతనికి తెలుసు. దొరికిన పుస్తకం దొరికినట్టు చదవక, వరుస తప్పకుండా మొదటిదానితో మొదలుపెట్టండి. చివరి పేజీ మాత్రం ముందు చూడకండి.