మారే సీటేది?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, టీకొట్టు దగ్గర అందరూ జోస్యులే! 'ఆ సీటు ఈసారి చేతులు మారుతుంది చూడు' అంటూ పందేలకు దిగుతారు. చాలామందికి ఆధారం ఒక్కటే... కిందటిసారి మెజారిటీ.

విజయవాడ సెంట్రల్‌లో ఆ లెక్క కుదిరింది. 2019లో వైకాపా అక్కడ గట్టెక్కింది కేవలం 25 ఓట్లతో. 2024లో సీటు తెదేపాకు వెళ్లిపోయింది. మంగళగిరిలో మాత్రం తప్పింది. 2014లో వైకాపా మెజారిటీ అక్కడ పన్నెండంటే పన్నెండే ఓట్లు! అయినా 2019లో స్వయంగా లోకేశ్ బరిలో దిగినా సీటు కదల్లేదు, 5,337 ఓట్లతో ఓడిపోయారు. అదే లోకేశ్ 2024లో 91 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు.

ఇక కంచుకోటలంటారా? 2019లో 151 సీట్లు గెలిచిన వైకాపాకు 2024లో మిగిలినవి 11. ఓట్లు తగ్గిందేమో దాదాపు 50 శాతం నుంచి 39కి. అంతమాత్రానికే 140 సీట్లా? ఇటు వదిలిన ఓటు అటు పడితే తేడా ఒకటి కాదు, రెండు తగ్గుతుంది మరి. పైగా 2019లో వేర్వేరుగా పోటీచేసిన తెదేపా, జనసేన, భాజపా 2024లో ఒక్కటయ్యాయి.

2029కి జోస్యం చెప్పాలంటే మెజారిటీల పట్టిక కన్నా ముందు ఆ పొత్తు నిలుస్తుందో లేదో చూడాలి. ఈలోగా నియోజకవర్గాల హద్దులే మారితే, పాత అంకెలు టీకొట్టు కబుర్లకే పనికొస్తాయి.