నాడె విసరు చేతి వెనుక

నేతగాడు నాడె విసరి, పేకను దగ్గరకు కొట్టి, కాలిచెక్క మార్చి తొక్కుట క్షణకాలములో ముగియును. ఏ కండరము ఎప్పుడు బిగియవలెనో అతడు ఆలోచింపడు. ఆలోచించుచు కూర్చున్నచో నాడె పడుగులోనే నిలిచిపోవును. మరి ఆ లెక్క చూచువా రెవరు?

కండరమునకు లాగుట యొక్కటే తెలియును, నెట్టుట తెలియదు. అందుచేత కీలుకు ఇరువైపుల ఎదురెదురు కండరములున్నవి. దండచేతి ముందు కండరము మోచేతిని ముడుచును, వెనుకది చాచును. పడుగులో కొన్ని పోగులు లేచునపుడు తక్కినవి దిగునట్లు, ఒకటి బిగియగా రెండవది సడలవలెను. ఒకదానిని బిగించి రెండవదానిని ఆపు నాడీకణములు వెన్నుపాములోనే కలవు. ఈ సంగతి విశదపరచిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్‌కు, ఏడ్రియన్‌తో కలిపి, 1932లో నోబెల్ బహుమానము లభించెను.

ముడుచు కండరము మోచేతి కీలుకు 4, 5 సెంటీమీటర్ల దూరముననే ఎముకకు అతికియున్నది. అరచేయి 30 సెంటీమీటర్లకు పైగా దూరము. కనుక మోచేయి వంచి 1 కిలో బరువు పట్టుకొన్నను కండరము ఇంచుమించు 7 కిలోల బరువున కీడైన బలముతో లాగవలెను. ఇది నష్టమువలె తోచును. కాని కండరము కొంచెము కుదించుకొన్నంతనే చేయి చాల దూరము, చాల వేగముగ కదలును. నాడె విసరుటకు కావలసినది ఆ వేగమే గదా!

వెన్నుపాములోని ఒక్కొక్క నాడీకణము కొన్ని కండరపు పోగులను ఏలుచుండును. కంటి కండరములలో ఒక కణము క్రింద పది పోగులుండవచ్చును. పిక్కలో వేయికి పైబడును. మెల్లని పనికి చిన్న గుంపులే ముందు మేల్కొనును. బలము పెంచినకొలది పెద్దవి చేరును. తెగిన పట్టుపోగును ముడివేయునపుడు వ్రేళ్లు దానిని మరల తెంపకుండుట ఇందువలననే.

వేగముగల నాడులలో వార్త సెకనుకు 100 మీటర్ల వరకు పోవును. అయినను కన్ను చూచి చేయి కదలుటకు సెకనులో అయిదవ వంతు పట్టును. అంతవరకు ఆగినచో నేత సాగదు. కావున చిన్నమెదడు జరుగబోవుదానిని ముందే అంచనా కట్టి, తప్పిన చోట దిద్దుకొనుచుండును. కొత్తగా నేర్చుకొనువాడు గుంటలోని కాళ్లవంక చూచును, ఆరితేరినవాడు చూడడు. కాలు ఎక్కడున్నదో చెప్పుటకు కండరములలోనే చిన్న అవయవములున్నవి. వాని ఆకారమునుబట్టి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మన కదురు పేరే!

ఇక నొప్పుల సంగతి. కదలు కండరములో రక్తము వచ్చి పోవుచుండును. కదలక బిగిసియున్న దానిలో నాళములు నొక్కుకొని రక్తము చాలదు. విసరు చేతికంటె వంగియున్న మెడ, నడుము ముందుగా పీకుట అందుకే. దీనిని సోమరితనమనుట అన్యాయము. చీరకింత అని కూలి పుచ్చుకొనువానికి విశ్రాంతి బోధించుట సులువు కాదు. అయినను కండె మార్చునపుడెల్ల మెడ ఎత్తి, భుజములు త్రిప్పుటకు కూలి తగ్గదు.

కాని బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు రాత్రులందు తిమ్మిరెక్కి మెలకువ తెప్పించుచున్నచో అది కేవలము అలసట కాదు. మణికట్టులో నాడి నొక్కుకొనుచున్నదేమో చూపించుకొనవలెను. తైలమర్దనముతో కాలము గడపరాదు. ఆలస్యమైనచో బొటనవ్రేలి మొదటి కండ కరగి, పట్టు తప్పి, పోగు ముడివేయుట కూడ కష్టమగును. తొలిదశలో రాత్రులందు మణికట్టు వంగకుండ కట్టు కట్టుకొన్నచో పెక్కురకు ఉపశమించును. ముదిరినదానికి చిన్న శస్త్రచికిత్స కలదు.