సుంకముల సమాఖ్యయు దేశ వర్తకమును

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము ప్రక్కనున్న తార్నాకను ఎఱుఁగనివారు మన నగరమున అరుదు. "తార్" అనఁగా తీగ. "నాకా" అనఁగా కావలి చోటు. పూర్వమిచ్చట నొక తోటకు తీగకంచె వేసి కావలి నుంచిరని చెప్పుదురు. తోటకు నాకా యున్నట్లే దేశమునకును సరిహద్దున నాకాలుండును. అచ్చట సరకులపై వసూలు చేయు పన్నునకు సుంకమని పేరు.

విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభింపఁబడిన నాఁటికి హైదరాబాదు సంస్థానమునకు సొంత సుంకముల శాఖ యుండెను. దానిని కరోడ్‌గిరి యనిరి. 1802లో ఈస్టిండియా కంపెనీతో చేసికొనిన వర్తకపు టొడంబడికలో సుంకము నూటికి 5 వంతున నిర్ణయింపఁబడినది. సంస్థానమునకు సొంత రేవు లేదు. కావున సీమసరకు బొంబాయి, మద్రాసు వంటి రేవులలో దిగి, అచ్చట నొక సుంకమును, సంస్థానపు సరిహద్దున మఱియొక సుంకమును చెల్లించి వచ్చెడిది. ఆ భారము తుదకు కొనువానిమీఁదనే పడెడిది. 1950 ఏప్రిల్ 1వ తేదీన సంస్థానపు ఆర్థిక వ్యవహారములు భారత ప్రభుత్వపు వానితో నేకమయ్యెను. పిదప కొలఁది సంవత్సరములలో ఈ లోపలి సుంకములు తొలఁగినవి.

స్వతంత్ర దేశములే కొన్ని కూడి యిట్టి యేర్పాటు చేసికొనినచో దానిని సుంకముల సమాఖ్య యందురు. ఐరోపాలో ఆఱు దేశములు 1968లో దీనిని నెలకొల్పినవి. ఇందు రెండు నియమములు ముఖ్యములు: సభ్యుల నడుమ సుంకముండదు, బయటివారిపై అందఱును ఒకే సుంకము విధింతురు.

దీనివలన విదేశ వర్తకము పెరుగునా? లెక్క వేసి చూతము. సుంకము నూటికి 20 అనుకొందము. ఒక చీర మనదేశమున నేసినచో 125 రూపాయలు, పొరుగున 110 రూపాయలు. సుంకముతో పొరుగు చీర 132 అగును గావున మన చీరనే కొందుము. సమాఖ్యలో చేరినచో పొరుగు చీర 110కే లభించును. ఇది క్రొత్తగా పుట్టిన వర్తకము. కొనువారికి లాభమే, కాని మన నేఁతగాఁడు వేఱొక జీవనోపాధి వెదకికొనవలెను.

మనము చేయని లాంతరు దూరదేశమున 100, పొరుగున 110 అనుకొందము. సుంకముతో నవి 120, 132 అగును, దూరదేశపుదే కొందుము. చేరిన పిదప పొరుగుది 110, దూరపుది 120, పొరుగుదే కొందుము. కొనువానికి 10 మిగులును, ఖజానాకు 20 పోవును. దేశమునకు 10 నష్టము. ఇచ్చట వర్తకము పెరుగలేదు, దారి మళ్లినది. ఈ భేదమును 1950లో జేకబ్ వైనర్ అను అర్థశాస్త్రజ్ఞుఁడు విశదపఱచెను.

కావున, బాలబాలికలారా, నాకా తీసివేసిన నెల్లప్పుడు లాభమే యని గాని, నష్టమే యని గాని ముందే తీర్పు చెప్పరాదు. సరకు మునుపెచ్చటనుండి వచ్చెను, ఇఁక నెచ్చటనుండి వచ్చును, ఆ మార్పు భారము నెవరు మోయుదురు అను మూఁడు ప్రశ్నలు వేసికొని పిమ్మట నిర్ణయింపవలెను.