మైకు ఎందుకు కూస్తుంది? మాట ఎలా వినబడుతుంది?

ప్రశ్న: మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఆడేటప్పుడు మైకు మాటిమాటికీ కుయ్యిమని కూస్తుంది. సౌండు పెంచితే కూత పెరుగుతుందే కానీ మాట అర్థం కాదు. ఎందుకు?

జవాబు: ఈ ప్రశ్న నాటకాన్ని శ్రద్ధగా వినేవాళ్లకే వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో భారతం అంటే పెద్ద పండుగ. చాలాచోట్ల 18 రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. మైకు సెట్టు అద్దెకు తెస్తారు. ఆ ఉన్న సామానుతోనే మాటను చివరి వరసదాకా ఎలా చేర్చాలో మెల్లగా చూద్దాం.

ముందు మైకు ఏం చేస్తుందో తెలుసుకోవాలి. తన దగ్గరికొచ్చిన ప్రతి శబ్దాన్నీ అది విద్యుత్తుగా మారుస్తుంది. అది భీముడి మాటా, మద్దెల దెబ్బా, పక్కన పసిబిడ్డ ఏడుపా అని చూడదు. ఆ విద్యుత్తు చాలా కొద్దిగా ఉంటుంది. యాంప్లిఫయరు దాన్ని పెంచుతుంది. స్పీకరు బాక్సులు దాన్ని మళ్లీ శబ్దంగా మార్చి మనకు వినిపిస్తాయి.

ఇప్పుడు బాక్సులు నటుడి వెనక ఉన్నాయనుకో. వాటిలోంచి వచ్చిన మాట తిరిగి మైకులోకే పోతుంది. యాంప్లిఫయరు దాన్ని మళ్లీ పెంచుతుంది. అది మళ్లీ బాక్సులోంచి వచ్చి మళ్లీ మైకులో పడుతుంది. ఒక్కో చుట్టుకూ శబ్దం తగ్గుతూ పోతే ఇబ్బంది లేదు. పెరుగుతూ పోతే మాత్రం రెప్పపాటులో కూత అయిపోతుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. ఆ మైకు, ఆ బాక్సు, ఆ చోటు కలిసి ఏ స్వరాన్ని ఎక్కువగా పలికిస్తాయో అదే అన్నిటికన్నా ముందు పెరుగుతుంది. అందుకే కూతలో మాట ఉండదు, ఒకే స్వరం ఉంటుంది.

సౌండు పెంచితే లాభం ఎందుకు లేదో ఇప్పుడు తెలుస్తుంది. మాటతో పాటు ఆ చుట్టు తిరిగే శబ్దం కూడా అంతే పెరుగుతుంది. మనకు కావలసింది మైకులో మాట వాటా పెరగడం. దానికి మూడు దారులున్నాయి.

మొదటిది, బాక్సులను మైకులకన్నా ముందుకు జరిపి, జనం వైపు తిప్పడం. భారతంలో అర్జునుడు తపస్సు చేసే ఘట్టం ఆడే రోజు గమనించు. ఎత్తైన మాను ఎక్కి పద్యాలు పాడే అర్జునుడి దగ్గర కార్డ్‌లెస్ మైకు ఉంటే, అది కింది బాక్సులకు దూరంగా ఉంటుంది కాబట్టి కూత వచ్చే అవకాశం తక్కువ. ఆయనే దిగివచ్చి అదే మైకుతో బాక్సు ముందర నిలబడితే వెంటనే కూయవచ్చు.

రెండోది, నోటిని మైకుకు దగ్గర చేయడం. రెండడుగుల దూరంలో ఉన్న నోరు అరడుగు దూరానికి వస్తే, మైకుకు అందే మాట 12 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది. అంత పెంపు యాంప్లిఫయరుతోనే తేవాలంటే 16 రెట్ల పవర్ కావాలి. భుజకీర్తులు, హారాలు వేసుకున్న నటుడికి కాలర్ మైకును ఛాతీ మీద పెడితే ఒరుసుకున్న చప్పుడే ఎక్కువ వినబడుతుంది. నుదుటి దగ్గర, కిరీటం అంచున పెడితే తల ఎటు తిప్పినా నోటికీ మైకుకూ దూరం మారదు.

మూడోది, మాట్లాడని వాళ్ల మైకును తగ్గించి ఉంచడం. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా పెంచగలిగే సౌండు సుమారు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. కాబట్టి మైకులను పెంచి తగ్గించే మిక్సరు దగ్గర కూర్చునేవాళ్లకు కథ తెలిసి ఉండాలి. ఏ పాత్ర ఎప్పుడు వస్తుందో, ఎవరు పద్యం ఎత్తుకుంటారో ముందే కాగితం మీద రాసుకోవాలి.

కూత ఆగినా ఒక్కోసారి మాట రెండుగా వినబడుతుంది. దానికి కారణం వేరు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తీగలో విద్యుత్తుకు ఆ ఆలస్యం లేదు. వీధిలో 100 మీటర్ల దూరాన స్తంభానికి హారన్ స్పీకరు కడితే, దాని కింద కూర్చున్నవాళ్లకు హారన్ మాట ముందు వస్తుంది, వేదిక దగ్గరి బాక్సుల మాట సుమారు 0.3 సెకను ఆలస్యంగా వస్తుంది. అంతలో నటుడు మరో రెండక్షరాలు పలికేస్తాడు. ఒకదాని మీద ఒకటి పడి పద్యం చెడుతుంది. దూరపు హారన్లకు మాట అంతే ఆలస్యంగా అందేలా మిక్సరులో అమర్చవచ్చు. ఆ వసతి లేకపోతే హారన్లు తీసేసి జనాన్ని దగ్గరగా కూర్చోబెట్టడమే మేలు.

మైకులు రాకముందు వీధి నాటకం నడిచింది అలాగే. జనం వేదికను ఆనుకుని కూర్చునేవారు, నటులు హెచ్చు శ్రుతిలో పాడేవారు, వంతపాడేవాళ్లు చరణాన్ని తిరిగి అందుకునేవారు. ఒకసారి జారిన మాట రెండోసారి చెవిన పడేది.

సౌండు తగ్గించడం ఊరికీ అవసరమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకు రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి. ఊళ్లో పసిపిల్లలు, ముసలివాళ్లు, పరీక్షలకు చదువుకునేవాళ్లు ఉంటారు.

ఇందులో నువ్వు చేయగలిగిన పని ఒకటుంది. సాయంత్రం మైకులు సరిచూసేటప్పుడు చివరి వరస ఎక్కడుంటుందో అక్కడికి వెళ్లి నిలబడు. ఒక నటుణ్ని నీకు తెలియని పద్యం ఒకటి చదవమను. విన్నది విన్నట్టు తిరిగి చెప్పు. ఎక్కడ తప్పు చెప్పావో అక్కడ మాట అందలేదన్నమాట. అప్పుడు సౌండు పెంచకుండా, ముందు మైకునూ బాక్సునూ జరిపి చూడమని పెద్దవాళ్లకు చెప్పు.